బలం పెట్టి వేసిన గేరు

గేరు పడకపోతే తప్పు బండిదేనని నమ్మినవాణ్ణి నేను. మా పాత ట్రాక్టరు మీద ఆ నమ్మకంతోనే చాలాకాలం పెత్తనం చేశాను. లివరు కరకరలాడేకొద్దీ జబ్బల బలం పెంచాను. గేరు పడితే గెలిచాననుకున్నాను.

కారుకు అలవాటుపడ్డ చెయ్యి నాది. కారు గేరుపెట్టెలో సింక్రోమెష్ ఉంటుంది. కలవబోయే రెండు భాగాల వేగాన్నీ అది ముందే సరిచేస్తుంది. 1928లో కాడిలాక్ కార్లతో వచ్చిన ఏర్పాటు అది. మా ట్రాక్టరులో అదేమీ లేదు. లివరు లాగితే పళ్లచక్రం షాఫ్టు మీద జరిగి, నేరుగా పక్కచక్రం పళ్లలోకి దూరాలి. రెండూ వేర్వేరు వేగాల్లో తిరుగుతుంటే పన్నును పన్ను కొరుకుతుంది. అందుకే మామూలుగా బండి ఆపి గేరు వేసుకోవాలి.

మా పాత డ్రైవరు మామ ఎప్పుడూ చెప్పేవాడు: "లోడుతో దిగుడొస్తే పైనే ఆపు అబ్బాయ్. చిన్న గేరేసుకుని దిగు. మధ్యలో ముట్టుకోకు."

వినలేదు. ధాన్యం బస్తాలతో చెరువుకట్ట దిగుతూ, సగం వాలులో క్లచ్చి తొక్కి గేరు తగ్గించబోయాను. ఉన్న గేరు ఊడింది, వెయ్యాల్సింది పడలేదు. ఇంజను పట్టు తప్పగానే వెనక తగిలించిన ట్రక్కు బరువంతా మమ్మల్ని తోసుకొచ్చింది. మా ట్రక్కుకు బ్రేకులు లేవు. ట్రాక్టరు బ్రేకులు ఆ బరువుకు ఆగలేదు. మడ్‌గార్డు మీద కూర్చున్న కుర్రాడు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. కింద బురద పొలంలో బండి దిగబడింది కాబట్టి బతికాం.

పైన ఎందుకు ఆపలేదు? ఆపడం చేతకానితనమనుకున్నాను. మిల్లు దగ్గర వరుసలో ముందుండాలనుకున్నాను. ఆ రెండే కారణాలు.

తర్వాత మేస్త్రీ గేరుపెట్టె విప్పి చూపించాడు. పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. ఆయిల్లో ఇనుప రజను కనిపించింది. అది ఒక్క రోజు అరుగుదల కాదు. కరకరమన్న ప్రతిసారీ బండి నాకు చెబుతూనే ఉంది.

చదును రోడ్డు మీద, కదులుతూ గేరు తగ్గించే పద్ధతి మామే నేర్పాడు. క్లచ్చి తొక్కి న్యూట్రల్ చెయ్యాలి. క్లచ్చి వదిలి కాస్త రేజ్ ఇవ్వాలి. మళ్లీ తొక్కి లివరు జరపాలి. వేగాలు కలిస్తే రెండువేళ్లతో పడుతుంది. దిగుడులో మాత్రం ఈ విద్య కూడా వాడకూడదు.

ఇప్పుడు ప్రతి దిగుడు ముందూ ఆపుతాను. మడ్‌గార్డు మీద ఎవర్నీ కూర్చోనివ్వను. నా పంతానికి ఆ కుర్రాడి ప్రాణాన్ని ఒడ్డాను. అందుకు నాకు ఏ హక్కూ లేదు.