అందరికీ ఒకటే సీసా

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు, చేతిలో నాలుగు కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పడతాయి. అందులో ఒకటి పట్టుకుని మా మేనల్లుడు ‘ఉచిత డయాగ్నస్టిక్ టెస్టు’కు వెళ్లాడు. జీఆర్‌ఈ వెర్బల్‌లో వాడి జబ్బేమిటో కనిపెడతారట. కనిపెట్టారు. రంగురంగుల చక్రం బొమ్మొకటి చేతికిచ్చి ‘వొకాబులరీ వీక్’ అన్నారు. పక్కన కూర్చున్న అమ్మాయికీ అదే జబ్బు. వెనక బెంచీవాడికీ అదే. మా ఊరి ఆర్‌ఎంపీ నయం, సూది పొడిచే ముందు నాలుకైనా చాపమనేవాడు.

మందు కూడా ఒక్కటే, 3,500 మాటల లిస్టు. జలుబుకీ, కడుపునొప్పికీ, పంటినొప్పికీ ఒకటే జిందా తిలిస్మాత్ సీసా అని 1920 నుంచీ నమ్ముతున్న ఊరు కదా, ఇదీ నమ్మేసింది. ‘గ్యారులస్’ అంటే వాగుడుకాయ. గుర్తుండాలంటే గారెలు తింటూ ఊరి కబుర్లన్నీ చెప్పే అత్తయ్యను తలుచుకోవాలట. ఆ సంగతి విన్న మా అక్క వారం రోజులు గారెలు ముట్టలేదు.

ఈ లిస్టు వైద్యానికి ఒకప్పుడు అర్థం ఉండేది. వ్యతిరేక పదాలు, అనాలజీలు అడిగే రోజులవి. 2011 ఆగస్టులో వాటిని ఎత్తేశారు. కబురు ఇంకా పంజాగుట్ట దాటినట్టు లేదు.

ఇప్పుడు వెర్బల్ అంటే 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. అందులో సుమారు సగం చదివి అర్థం చేసుకునేవే. సెంటెన్స్ ఈక్వివలెన్స్ సంగతి మరీ సరదా. ఆరు మాటల్లో రెండు ఎంచాలి, ఒకటి తప్పినా సున్నా. ఒక్కోసారి వాక్యానికి పొసగని పర్యాయపదాల జంటనొకదాన్ని ఎరగా పెడతారు. లిస్టు బట్టీ పట్టినవాడి కంటికి అది పెళ్లిపీటల మీది జంటలా కనిపిస్తుంది. వాక్యం చదవకుండానే అక్షింతలు వేసేస్తాడు. ఏమాటకామాటే, మాటలు బొత్తిగా రానివాడికి లిస్టు కావలసిందే. కానీ వాడెవడో తేల్చాలి కదా ముందు!

ఆదివారం మా మేనల్లుడి మాక్ టెస్టు ముందేసుకుని కూర్చున్నాం. 11 తప్పులు. ఎందుకు తప్పిందో ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో రాయమన్నాను. మాట తెలియక పోయినవి రెండు. జంటను చూసి మోసపోయినవి మూడు. ఒక పాసేజీలో రచయిత ముందు పాతవాళ్ల వాదన వినిపించి, ‘హౌఎవర్’ అంటూ దాన్ని కొట్టిపారేశాడు. మావాడు ఆ పాత వాదననే రచయిత నెత్తిన రుద్ది రెండు పోగొట్టుకున్నాడు. ఇంకో పాసేజీతో ఏడు నిమిషాలు కుస్తీ పట్టి, చివరి నాలుగూ గుడ్డిగా నొక్కేశాడు. ఇదంతా తేలడానికి గంట పట్టింది. ఫీజు రెండు టీలు.

మర్నాడు ఆ కాగితం తీసుకెళ్లి సారుకు చూపించాడు. ఆయన పైనుంచి ఒకసారి చూసి, “చెప్పానా, రెండు మాటలు తెలియలేదు” అంటూ సొరుగు లాగి ఇంకో లిస్టు తీశారట.