టెక్సస్ లక్కపిడతలు

అమెరికాలో ఇల్లు కట్టేటప్పుడు మన తెలుగువాళ్లు చూడకూడదు. చూస్తే కొనరు. డాలస్‌కి ఉత్తరాన మేముండే వైపు ఎప్పుడు చూసినా ఏదో ఒక ఇల్లు లేస్తూనే ఉంటుంది. కింద కాంక్రీటు పలక పోస్తారు. నాలుగు రోజులు పోయాక దాని మీద సన్నటి పైన్ కర్రలు వరసగా నిలబెడతారు. వాటి నెత్తిన ఇంకో కర్ర, దాని మీద మరో కర్ర. బయట ఇటుక కనబడుతుంది గానీ అది చివర్లో అంటించే సోకు; ఇంటి బరువు మోసేది కర్రే. ఎలమంచిలి నుంచి మా అమ్మ వచ్చిన కొత్తలో సాయంత్రం నడకకి తీసుకెళితే, అలా సగం లేచిన ఇంటి ముందు ఆగిపోయింది.

"పెళ్లెవరిదిరా?" అంది.

"పెళ్లి కాదమ్మా, ఇల్లు కడుతున్నారు."

"మరి పందిరేశారేంటి?"

"మనిల్లూ లోపల ఇంతేనమ్మా" అన్నాను, దాచడమెందుకని. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ గోడకి జేరబడి కూర్చోలేదు.

ఆ పందిరి ముక్కలతోనే నేను గిన్నెలు చేస్తాను. వారమంతా కంప్యూటరు ముందు, శని ఆదివారాలు కర్ర తిప్పే లేత్ ముందు. కిటికీ కిందకనీ గుమ్మం నెత్తికనీ కర్రని కొలతకి కోసినప్పుడల్లా జానెడు, మూరెడు ముక్కలు రాలుతుంటాయి. సాయంత్రానికి అవన్నీ రోడ్డు పక్క పెట్టిన పెద్ద ఇనుప తొట్టిలోకి పోతాయి. మన వైపు అయితే తొట్టిదాకా రానే రావు. వాచ్‌మన్ పొయ్యిలోకి కొన్ని, మేస్త్రి ఇంటికి కొన్ని, ఎదురింటావిడ కోళ్లగూటికి కొన్ని. ఇక్కడ అడిగే నాథుడు లేడు. గుమ్మం చెక్క కోయగా మిగిలిన దానితో పీట, పీట చేయగా మిగిలిన దానితో పప్పుగుత్తి చేయించిన వంశం మాది. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

అలాగని చెప్పకుండా తీయకూడదు. తొట్టిలో ఉన్నా అది బిల్డరు సొత్తే. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నవాడు చెక్కముక్క కోసం పోలీసు రికార్డుకెక్కితే ఇండియాలో చుట్టాలకి ఏం చెప్పాలి? కాబట్టి అడిగాను. సైటు చూసుకునే ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నెగడుకా?" అన్నాడు. "గిన్నెలకి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, అయినా తీసుకెళ్లమన్నాడు. ఆకుపచ్చగా ఉన్నవి మాత్రం ముట్టుకోవద్దన్నాడు. అది మంచి మాట. కాంక్రీటుకి ఆనుకుని పడుకునే అడుగు కర్రకి చెద పట్టకుండా మందు ఎక్కిస్తారు. 2003 చివరిదాకా ఇళ్లకి వాడిన ఆ మందులో ఆర్సెనిక్ ఉండేది. ఇప్పుడు రాగి మందులు. ఏ మందైనా సరే, దానితో గిన్నె చేయకూడదు, ఆ పొట్టు పీల్చకూడదు, ఆ ముక్కలు పొయ్యిలో పెట్టకూడదు.

మిగతావి టూ బై ఫోర్లు. పేరు చూసి రెండంగుళాలు, నాలుగంగుళాలు అనుకునేరు. ఒకటిన్నర, మూడున్నర. మిల్లులో రంపం కింద పడ్డప్పుడు రెండూ నాలుగే; ఆరబెట్టి, చిత్రిక పట్టేసరికి ఒళ్లు తగ్గుతుంది, పేరు తగ్గదు. 1924లో మొదటి జాతీయ ప్రమాణం వచ్చింది. ఎంతదాకా తగ్గినా అదే పేరు చెల్లుతుందన్న దాని మీద పెద్దమనుషులు దశాబ్దాలపాటు తర్జనభర్జన పడి, 1970 ప్రమాణంలో ఇప్పటి కొలత ఖాయం చేశారు. తరుగు లెక్కలు మన నగల కొట్లకే పరిమితం అనుకునేవాణ్ణి అంతదాకా.

ఈ కొలతలతో గిన్నె ఎలా వస్తుందని మీకు అనుమానం రావచ్చు. ముక్కల అంచులు మిల్లులోనే గుండ్రంగా నూరి ఉంటాయి, అవి అతుక్కోవు. రెండు పక్కలా కోసేస్తే మూడుంపావు వెడల్పు మిగులుతుంది. అలాంటివి మూడు పక్కపక్కన పెడితే ఒక పొర. మూడు పొరలు ఒకదాని మీద ఒకటి జిగురు రాసి బిగిస్తే తొమ్మిదిన్నర అంగుళాల గిన్నెకి సరిపడా దిమ్మ. ఇటుక గోడ కట్టేవాడు కీలు మీద కీలు రానివ్వడు కదా, ఇక్కడా అదే పద్ధతి. నార మాత్రం అన్ని పొరల్లో ఒకే వైపు ఉండాలి. ఒక పొర అటు, ఒక పొర ఇటు పెడితే చూడ్డానికి బాగుంటుందని మనసు లాగుతుంది. లొంగకూడదు. చెక్క నారకి అడ్డంగానే ఉబ్బుతుంది, తగ్గుతుంది. పొరలు తలో దిక్కుకి లాక్కుంటే ఒక చలికాలం తిరిగేసరికి అతుకులు నోళ్లు తెరుస్తాయి.

లేత్ గరాజ్‌లో ఉంది. గరాజ్‌లో ఉండాల్సిన కారు బయట ఉంది. చెక్క ఉచితమే గానీ సరంజామా కాదు. మా ఆవిడ అకౌంట్స్ చదువుకున్న మనిషి. లేత్, దిమ్మని పట్టుకునే చక్, ఉలులు, ఉలులు నూరే గ్రైండరు, పొట్టు లాగే యంత్రం అన్నీ ఎక్సెల్‌లో వేసి, అప్పటిదాకా చేసిన గిన్నెల సంఖ్యతో భాగించి, "ఏమండీ, ఈ లెక్కన వెండివే చవక" అని తేల్చింది. హారం పెరిగితే భాగఫలం తగ్గుతుందని ఐదో తరగతిలో చెప్పారు. అందుకే అప్పటి నుంచీ గిన్నెలు మరిన్ని చేస్తున్నాను.

దిమ్మ తిరుగుతుంటే పక్కన నిలబడడానికి కొంచెం గుండె కావాలి. వ్యాసం అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి ఎన్ని చుట్లో దానితో హెచ్చవేస్తే 6000 నుంచి 9000 లోపు రావాలని ఈ పనివాళ్ల వాడుక. నా గిన్నె 800 చుట్ల దగ్గర ఉంటుంది. అంటే అంచు గంటకి 36 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. ఇక్కడి స్కూళ్ల ముందు 20 మైళ్ల పరిమితి ఉన్నచోట ఆ వేగంతో కారు తోలితే పోలీసు జరిమానా రాయొచ్చు.

మొదటిసారి ఈ తతంగమంతా అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆవిడకి లేత్ కొత్త కాదు. మా ఊరికి దగ్గర్లోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అక్కడ ఇంటింటా కర్ర తిప్పి, తిరుగుతున్న కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కకి చెట్ల రంగులు కలిపే పద్ధతి నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అమ్మ చిన్నతనంలో తిరనాళ్లలో కొనిపించుకున్న కుండలూ చట్టీలూ కూడా ఆ ఊరివే. కాబట్టి ఆవిడ తీర్పుకి తిరుగులేదు.

"ఒరేయ్ నాన్నా, యాభై ఏళ్లొచ్చాయి. లక్కపిడతలు ఆడుకునే వయసట్రా నీది?"

"ఇవి లక్కపిడతలు కావమ్మా, ఆర్ట్" అన్నాను.

"అయితే మరీ దారుణం" అంది.

ఏటికొప్పాకవాళ్లు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, అంతటా ఒకే తీరుగా ఉంటుంది, ఉలికి ఎదురు చెప్పదు. పైన్ అలా కాదు. ఏటేటా పెరిగే వలయంలో వసంతంలో పెరిగింది లేతగా ఉంటుంది, దాన్ని ఆనుకునే తర్వాత పెరిగిన చార గట్టిగా ఉంటుంది. ఉలి లేతదాంట్లో దిగబడుతుంది, చార మీద ఎగిరిపడుతుంది, మళ్లీ దిగబడుతుంది. ఇది చాలదన్నట్టు, గిన్నె ఒక చుట్టు తిరిగేలోపు ఉలికి రెండుసార్లు నార పొడుగునా, రెండుసార్లు నార మొదళ్లు ఎదురవుతాయి. మొదళ్ల దగ్గర పోగులు తెగకుండా ఊడి వచ్చేస్తాయి. అందుకని పైన్ గిన్నెలో సరిగ్గా రెండుచోట్ల, ఎదురెదురుగా, గడ్డం గీసుకోని చెంపలుంటాయి. ఉప్పుకాగితంతో రుద్ది సరిచేద్దామంటే లేత భాగం అరిగిపోయి చార నిలబడిపోతుంది, నునుపు రాకపోగా మెట్లు తేలతాయి. మెత్తటి చెక్కకి మొద్దు ఉలి చాలనుకునేవాళ్లని పైన్ దగ్గరికి ఒక్క పూట పంపాలి.

దీనికి మందు షెల్లాక్. ఆ రెండుచోట్లా పల్చగా పూసి, ఆరనిచ్చి, అప్పుడే నూరిన ఉలితో వెంట్రుకవాసి కోత తీస్తే పోగులు బిగుసుకుని శుభ్రంగా తెగుతాయి. ముడుల్లోంచి కారే బంకకి కూడా అదే అడ్డుకట్ట. చివరి మెరుగుకీ నేను అదే పూస్తాను, పైన కాస్త తేనెమైనం. డబ్బా మీద పేరు ఏదైనా లోపలున్నది కొమ్మల మీద లక్కపురుగు పెట్టే లక్కే. దాన్ని పండించే దేశాల్లో మనదే ముందు వరస. ఈ సంగతి గొప్పగా అమ్మకి చెప్పాను. ఆవిడ డబ్బా తిప్పి చూసి, మూత తీసి వాసన చూసి, ధర అడిగి, డాలర్లని రూపాయల్లోకి మార్చుకుని, ఒక నిట్టూర్పు విడిచింది.

"లక్క పూస్తున్నావా లేదా?"

"పూస్తున్నా."

"పిడత చేస్తున్నావా లేదా?"

వాదన అక్కడితో సరి.

ఇక అసలు కర్ర పనివాళ్ల అభిప్రాయం. పక్క వీధి ఇంటికి కర్రలు నిలబెట్టిన మెక్సికో మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయన రంపం కింద రాలిన ముక్కలతోనే చేసిన గిన్నె పట్టుకెళ్లి చేతికిచ్చాను. ముందు బోర్లించి అడుగు చూశాడు. తర్వాత బొటనవేలు అంచు మీంచి లోపలికి నెమ్మదిగా దింపాడు. ముడి దగ్గర వేలు ఆగింది, గోటితో రెండుసార్లు గీకింది, ముందుకు పోయింది. ఏమంటాడో అని నేను నిలబడే ఉన్నాను. నడుముకున్న సంచిలోంచి గుప్పెడు మేకులు తీసి గిన్నెలో పోశాడు, గలగలలాడించాడు, నవ్వాడు, దాంతోనే నిచ్చెనెక్కేశాడు. ఆ గిన్నె మళ్లీ కిందికి రాలేదు. కానీ మర్నాటి నుంచి నాకోసం ముక్కలు ఏరి పక్కన పెట్టడం మొదలైంది.

అందులో ఎల్‌వీఎల్ దూలాల ముక్కలు దొరికాయి. పల్చటి చెక్క పొరలు బోలెడన్ని అంటించి చేసే దూలాలవి. పక్కనుంచి చూస్తే పుస్తకం అంచు. లోపల గుండ్రంగా తొలిస్తే ఆ గీతలన్నీ వంపు తిరిగి చుట్లు చుట్లుగా విచ్చుకుంటాయి. ఇందులో నా గొప్పేం లేదు, ఉలి అడ్డం లేకుండా చూసుకోవడమే నా పని. అయితే ఆ జిగురు ఉలి పదును తినేస్తుంది. పైగా వాటిలో తినే వస్తువు పెట్టకూడదు, తాళాలకీ చిల్లరకీ తప్ప పనికిరావు. కెంటకీలో బెరియా కాలేజీలో పాఠాలు చెప్పిన రూడ్ ఒసోల్నిక్ (1915–2001) ప్లైవుడ్ పొరలు అంటించి ఇలాంటి గిన్నెలు తిప్పే పేరు తెచ్చుకున్నాడు. పారేసిన చెక్కంటే ఆయనకి ప్రాణం. ఆయన పని మ్యూజియాలకెక్కింది. ఇదంతా ఇంట్లో చెబితే, "ఆయన కారు ఎక్కడ పెట్టుకునేవాడట?" అంది మా ఆవిడ.

గిన్నెలు చేయడం ఒక ఎత్తు, తెలుగువాళ్లకి ఇవ్వడం ఒక ఎత్తు. మనకి గిన్నె అంటే స్టీలుది, మీద పేరు కొట్టించి ఉండాలి. ఎవరు, ఎవరి పెళ్లికి, ఏ తేదీన ఇచ్చారో చుక్కల అక్షరాల్లో లేకపోతే అది గిన్నె లెక్కలోకి రాదు. నా గిన్నెలకి ఆ లోటు లేదు. మిల్లువాళ్లు ప్రతి కర్ర మీదా ముద్ర కొడతారు: ఎస్‌పీఎఫ్ అంటే స్ప్రూసో, పైనో, ఫరో, ఏదో మమ్మల్నడక్కండి అని, కేడీ అంటే బట్టీలో ఆరబెట్టిందని, హెచ్‌టీ అంటే 56 డిగ్రీల వేడి అరగంటసేపు లోపలిదాకా తగిలి పురుగూ పుట్రా చచ్చాయని. ఆ ముద్ర అడుగుకి వచ్చేలా పెడతాను. మా బాబాయికి ఒకటి ఇస్తే వెనక్కి తిప్పి, "కేడీ అని రాసిచ్చావేంట్రా, నన్నా, నిన్నా?" అన్నాడు.

వాడకం దగ్గర ఇంకో పేచీ. సాంబారు పోయొద్దన్నాను: వేడీ తడీ తగిలితే లక్క తెల్లబడుతుంది. ఆవకాయ వద్దన్నాను. పెరుగు వద్దన్నాను. డిష్‌వాషర్‌లో వేయొద్దని చేతులెత్తి దండం పెట్టాను. "ఏదీ పెట్టకూడని గిన్నె ఎందుకురా?" అంది అమ్మ, న్యాయంగానే. చివరికి జంతికల దగ్గర రాజీ కుదిరింది. శ్రావణమాసంలో మా ఆవిడ వాయనాల్లోకి గిన్నెలు దింపింది. నానబెట్టిన శనగలు వద్దు మొర్రో అంటే, అడుగున తమలపాకులు పరిచి మరీ పోసింది. ఆ పేరంటం తర్వాత పేటలో ఆడవాళ్లందరికీ నా గిన్నెల మీద గురి కుదిరింది. ఎక్సెల్‌లో 'రిటర్న్ గిఫ్ట్ ఆదా' అని కొత్త వరస ఒకటి వచ్చింది. వెండితో పోలిక ఇంకా పోలేదు గానీ, తేడా తగ్గుతోంది.

మీలో ఎవరికైనా చేతులు దురద పెడుతుంటే రెండు మూడు మాటలు. ముందు ఫేస్ షీల్డ్ కొనండి, లేత్ తర్వాత కొనండి. దిమ్మ చేసే ముందు ప్రతి ముక్క మీదా అయస్కాంతం తిప్పండి, లోపల మేకు ఉంటే ఉలికి దొరికేదాకా ఆగదు. మందెక్కించిన ఆకుపచ్చ కర్ర ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఉత్తర టెక్సస్‌లో మార్చి నుంచి జూన్ దాకా వడగళ్ల కాలం. మీ కారు బయటే ఉంటుంది కాబట్టి, బీమాలో వడగళ్లు ఉన్నాయో లేదో లేత్ ఆర్డరు పెట్టకముందే చూసుకోండి.