పాదువా తాటిని మాట్లాడుతున్నాను

ఇటలీలో పాదువా విశ్వవిద్యాలయం తోటలో నన్ను 1585లో నాటారు. మీ తాటిచెట్టుకు దూరపు చుట్టాన్ని. ఆకు విసనకర్రే గానీ ఎత్తులో మీవాళ్లతో పోటీ పడలేను. మొదట్లోంచే పిలకలు వేసి గుంపుగా లేస్తాను. అందరూ నన్ను 'గోథే తాటి' అంటారు. జర్మన్ మహాకవి గోథే 1786లో ఇక్కడికొచ్చాడు, అంతే. అప్పటికి నాకు రెండు వందల ఏళ్లు నిండాయి. అన్నేళ్లూ నీళ్లు పోసిన మాలీల పేరు ఒక్కటైనా నాకు పెట్టలేదు!

ఆయన చూపును మాత్రం మెచ్చుకోవాలి. నేల దగ్గరి నా లేత ఆకు చీలిక లేకుండా ఈటెలా ఉంటుంది. ఆ పైవి కొద్దికొద్దిగా చీలుతూ చివరికి విసనకర్రలా విచ్చుకుంటాయి. ఆ వరస ఆయన పట్టేశాడు. తోటమాలిని అడిగి ఒక్కో దశ ఆకూ కోయించుకుని అట్టల్లో పెట్టి పట్టుకుపోయాడు. మొక్క భాగాలన్నీ ఆకు దాల్చిన రూపాలేనంటూ 1790లో పుస్తకం రాశాడు.

నిజానికి ఇక్కడ ఆకు తెంపడం నేరం. పూలు కోసినా కాడలు విరిచినా జరిమానా, జైలు, దేశబహిష్కారం అని రాతిపలక మీద చెక్కించారు. మహాకవికి మినహాయింపు కాబోలు.

అంత కట్టడి ఊరికే పెట్టలేదు. 1545లో ఫ్రాన్సెస్కో బోనఫేదే అనే ఆచార్యుడు పట్టుబట్టి అడిగితే వెనిస్ ప్రభుత్వం ఈ తోట వేయించింది. వైద్యం చదివే కుర్రాళ్లు అసలు మందుమొక్కేదో, నకిలీదేదో కళ్లతో చూసి నేర్చుకోవాలని ఆయన పట్టు. మందుమొక్కంటే అప్పట్లో బంగారం. రాత్రిళ్లు దొంగలు పడేవాళ్లు. 1552లో చుట్టూ గుండ్రంగా గోడ లేపారు.

గోడ దొంగలకే, పరదేశులకు కాదు. పొద్దుతిరుగుడు నాకంటే ముందే, 1568లో, అమెరికా నుంచి దిగింది. 1590లో బంగాళదుంపా నువ్వులూ ఒకే ఏడు వచ్చాయి. మీరు అరిసెల మీద అద్దే నువ్వులను ఇక్కడివాళ్లు వింతగా చూశారు. ఆ తర్వాత తోట పెత్తనం చేసిన ప్రోస్పెరో అల్పీని అంతకుముందు ఈజిప్టులో ఉండి వచ్చినవాడు. 1592లో అచ్చయిన తన పుస్తకంలో కాఫీ చెట్టు గురించి రాశాడు. ఇవాళ ఈ ఊళ్లో ఎవరినడిగినా కాఫీ మాదేనంటారు.

1550లో నాటిన చెట్టొకటి నాకంటే పెద్దది, మీ వావిలికి దగ్గరి బంధువు. 1984లో పోయింది. దాంతో తోటలో పెద్దరికం నాకొచ్చింది.

నేను మధ్యధరా తీరపు మొక్కను. పాదువా చలి నాకు పడదని ఎనిమిది పలకల గాజు ఇల్లు కట్టారు. 2014లో పక్కన ఇంకా పెద్ద గాజు ఇళ్లు లేచాయి, వానల అడవి మొక్కలకొకటి, ఎడారి మొక్కలకొకటి. వాటిని చూడ్డానికొచ్చే బడిపిల్లలు నా దగ్గరా ఆగుతారు. పంతులు గోథే కథ ఎత్తుకుంటాడు. నేను మాత్రం పిల్లల చేతులనే కనిపెడుతుంటాను.