గోడలు వెదకెడు బావ

మా బావకు మనుష్యులకంటె గోడలయందు గౌరవమెక్కువ. జగిత్యాలలో ఉద్యోగము, కోరుట్లలో అత్తవారిల్లు, సిరిసిల్లలో చుట్టరికము గల ఆ మహానుభావుడు ఆదివారమైనచో మెడలో కెమెరా వ్రేలాడదీసికొని ఈ మూడు పట్టణముల సందులలో సంచరించుట చూచినవారు, ఆయన జనజీవనమును చిత్రించుచున్నాడని భ్రమపడుదురు గాని, నిజమునకు ఆయన పరీక్షించునది ఆ జనుల వెనుకనున్న సున్నమును, పెచ్చులను, నీడలను మాత్రమే.

ఆయన సిద్ధాంతము నిర్దుష్టము. ముందు వెనుకతావు నెన్నుకొని, పిదప మనిషికై వేచియుండవలెను. ఇందుకు ప్రమాణముగా, 1932లో ఫ్రాన్సుదేశపు ఇయేర్ పట్టణమున హెన్రీ కార్టియర్ బ్రెసన్ మెలితిరిగిన మెట్లమీదుగా క్రింది వీధిలో సైకిలువాడు దూసికొనిపోవుచుండగా తీసిన చిత్రమును సెల్‌ఫోనులో చూపనిదే ఆయన ఎవ్వరిని విడువడు. తలలోనుండి కరెంటు స్తంభము మొలచినట్లుండరాదు. గోడయంచు మెడను కోసినట్లు పోరాదు. తెల్లబట్టలవానికి చీకటివాకిలి, ముదురుబట్టలవానికి లేతగోడ కుదురవలెను. నాయకుల ఫ్లెక్సీలు ఆమడదూరమున నుండవలెను. ఇందులో తప్పుపట్టదగిన దేదియు లేదు. చిక్కంతయు ఆచరణమునందే.

జగిత్యాల ఖిల్లా నక్షత్రాకారపు రాతికట్టడము. దాని కందకము చెంత, గోడపై ఎండ ఏటవాలుగా పడువరకు నన్నుగూడ కూర్చుండబెట్టి, తీరా మేకలకాపరి యొకడు మందతో వచ్చినంతనే, "మేకలు మంచిగున్నయి గని, ఆయన అంగి గోడల కలిసిపోతున్నది బామ్మర్దీ" అని కెమెరా దించివైచెను. సిరిసిల్లలో సాంచెల, అనగా మరమగ్గముల, చప్పుడు నడుమ నిలిచినప్పుడు, "సాంచె ఫోటో తీస్తరా సారూ?" అని ఆసామి ఉత్సాహముతో తల దువ్వుకొనగా, "సాంచె కాదన్నా, దాని ఎనుక గోడ" అని ఆయన నిజము పలికెను. కోరుట్లలో గడపయందు చాట ఒడిలో నిడుకొని బీడీలు చుట్టుచున్న వృద్ధురాలు "ఏం తీస్తున్నవ్ బిడ్డా?" అని యడుగగా, "నీ తలుపు తీస్తున్న అవ్వా, జెర పక్కకు జరుగు" అనెను. "తలుపు తీసే ఉన్నది గద బిడ్డా!" అని ఆమె బీడీ చుట్టుట మానకయే బదులిచ్చెను.

కోరుట్లలో జన్మించిన ఛాయాగ్రాహకుడు బండి రాజన్‌బాబు పేరు బావకు జపమంత్రము. అయితే ఆ కళాకారునికి కీర్తి దెచ్చినవి ఆదివాసుల చిత్రములు, అనగా మనుష్యుల చిత్రములని నేను గుర్తుచేసినప్పుడెల్ల, ఆయనకు హఠాత్తుగా బ్యాటరీ మార్చవలసిన పని తగులును.

నా పెండ్లిలో పూలతెర చిందరవందరగా నున్నదని నిర్ణయించి, దంపతులమైన మమ్ములను పశువులకొట్టము గోడకడకు నడిపించిన ఘనత ఆయనదే. ఆ ఆల్బములో గోడ అద్భుతముగా నున్నది. నా భార్య నేటికిని ఆ పుటలు త్రిప్పదు. అట్లని ఆయనను పూర్తిగా త్రోసిపుచ్చుటకును వీలులేదు. సిరిసిల్లలో ఒక నీలిగోడకు ఇంటివారు శుభకార్యమని సున్నము వేయించినప్పుడు, ఆయన ఆ విందున సరిగా భుజింపలేకపోయెను. ఆ గోడ యుండగా, రంగునూలు మోపును సైకిలుపై పెట్టుకొని సాయంకాలపు టెండలో పోవుచున్న నేతగాని నొకనిని ఆయన పట్టుకొన్న చిత్రము మా ఇంటిలో నున్నది. దాని యెదుట నిలిచినప్పుడు నా హేళనమంతయు మూగబోవును. గోడ కొరకు అంతగా నిరీక్షింపనివానికి ఆ మనిషియు దొరకియుండడు.

కావున పాఠకులారా, ఈ మూడు ఊళ్లలో ఎచ్చటనైన కెమెరావాడొకడు మిమ్ము పక్కకు జరుగుమన్నచో కోపింపకుడు. ఎర్రచీరయో ఎర్రఅంగియో ధరించియున్నచో మాత్రము తీరిక చూచుకొని బయలుదేరుడు. ఆయన మీకు చాయ త్రాగించి, ఆ గోడముందు మరల మరల నడిపించును.