స్కోరు పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టకండి

తుని చుట్టుపక్కల హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. గుండె జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకి మా వైపు దొరికే సలహాలన్నీ విన్నవాణ్ణి. వాటిల్లో కొన్ని నా నోటితో నేనే ఇచ్చాను. అవి ఎక్కడ తప్పో ఇప్పుడైనా చెప్పాలి.

“గుండెలో చిల్లున్న పిల్ల. కదలనివ్వకండి, చెట్టుకింద కూర్చోబెట్టండి.”

ఇదే నేనిచ్చిన సలహా. ఆరో తరగతిలో చేరిన ఒక పాపకి పసితనంలోనే ఆపరేషనయింది. ఎదురొమ్ము మీద నిలువుగా కుట్ల గీత. వాళ్లమ్మ భయం భయంగా చెబితే, నేను ఆ పాప చేతికి స్కోరు పుస్తకం ఇచ్చి వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. పదో తరగతి అయ్యేదాకా ఖోఖోలో ఎవరెన్ని పాయింట్లు తెచ్చారో గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆడినవాళ్ల పేర్లలో తన పేరు ఒక్కసారీ లేదు. ఆడొద్దని ఏ డాక్టరూ అనలేదు. ఆడొచ్చా అని మేమెవరం అడగనూ లేదు. ఏళ్ల తరవాత ఎకో తీయించుకోడానికి కాకినాడ వెళ్తే, “నువ్వు ఎప్పుడో పరిగెత్తాల్సిందమ్మా” అన్నారట అక్కడి డాక్టరు.

గుండె గదుల మధ్య గోడలో చిల్లు చిన్నదై, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరగకపోతే చాలామంది పిల్లలు అందరిలాగే ఆడొచ్చు. చిల్లు మూసినవాళ్లయితే, రొమ్ము ఎముక అతుక్కుని, కొన్ని నెలలకి చేసిన పరీక్షలో ఒత్తిడీ లయా బాగున్నాయని తేలితే, వాళ్లకీ అంతే. కూర్చోబెట్టిన పిల్ల ఒళ్లు చేస్తుంది. లోవ తలుపులమ్మ గుడి మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. ఆ ఆయాసం చూసి, చూశారా గుండె బాగాలేదు అని మళ్లీ కూర్చోబెడతాం. అమెరికాలో షాన్ వైట్ అనే అతను నాలుగు లోపాలు కలిసిన గుండెతో పుట్టాడు. పసితనంలోనే ఆపరేషన్లయ్యాయి. మంచు మీద పలకతో జారే ఆటలో 2006, 2010, 2018 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు తెచ్చాడు. అలాంటి పిల్లలందరూ అంత ఆడగలరని కాదు. ఎంత ఆడగలరో పరీక్ష చేసి చెప్పాలి గాని, చెట్టునీడలో కూర్చుని మనం తేల్చేది కాదు.

“పరిగెత్తుతూ మధ్యలో గొంతుక్కూర్చుంటున్నాడు, బద్ధకం. లేపి పరిగెత్తించండి.”

లేపకండి. పెదాలు, గోళ్లు నీలంగా మారే పిల్లలు ఊపిరి అందక తమంతట తామే అలా కూర్చుంటారు. మోకాళ్లు మడిచి కూర్చుంటే కాళ్లలో రక్తనాళాలు నొక్కుకుంటాయి. దాంతో రక్తం ఊపిరితిత్తుల వైపు ఇంకాస్త వెళ్తుంది. ఎవరూ నేర్పకుండానే ఆ బిడ్డ ఒళ్లు కనిపెట్టుకున్న ఉపాయం అది. ఆట ఆపించి, అలాగే కూర్చోనిచ్చి, ఇంట్లోవాళ్లకి కబురు పెట్టాలి. నీలం తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి.

“ఎండదెబ్బ. మజ్జిగ పట్టండి, పది నిమిషాల్లో మళ్లీ ఆడతాడు.”

నాకు అన్నిటికన్నా భయం వేసే సలహా ఇది. పొద్దున్న అసెంబ్లీలో నిలబడి నిలబడి కళ్లు తిరగడం వేరు, పరుగు మధ్యలో ఉన్నట్టుండి కూలిపోవడం వేరు. రెండోది గుండె చేస్తున్న హెచ్చరిక అనే అనుకోవాలి. ఈసీజీ, ఎకో తీయించి గుండె డాక్టరు సరేననేదాకా ఆ పిల్లవాణ్ణి గ్రౌండులోకి దించకూడదు. చిన్న వయసులో అకస్మాత్తుగా పోయినవాళ్లు, ఈతొచ్చినా నీళ్లలో పోయినవాళ్లు ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడగాలి. గుండె కండరం మందమయ్యే జబ్బు, గుండె విద్యుత్తు తేడాగా నడిచే జబ్బు వంశంలో దిగుతాయి. విద్యుత్తు జబ్బుల్లో ఒకరకానికి ఈతే పెద్ద ప్రమాదం. అలాంటి పిల్లవాడు డాక్టర్ని అడక్కుండా తాండవ ఏట్లో దూకకూడదు.

“కీళ్లనొప్పులు తగ్గాయిగా, ఇంకా ఇంజక్షన్లెందుకు?”

గొంతునొప్పితో మొదలై, కీళ్ల మీదుగా గుండె కవాటాలకి పాకే జ్వరం ఇది. మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ నొప్పులకి కాదు, కవాటం మళ్లీ దెబ్బతినకుండా కాయడానికి. డాక్టరు ఆపమనేదాకా మానకూడదు. లోహపు కవాటం వేసుకుని రక్తం పలచబరిచే మందు వాడే పిల్లలకి కబడ్డీ వద్దు. చిన్న దెబ్బకే లోపల రక్తం కారుతుంది.

“స్కూల్లో చెప్పకమ్మా. ఆడపిల్ల, రేపు సంబంధాలు చెడిపోతాయి.”

ఇది చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. నాకు కోపం రాదు, దిగులేస్తుంది. ఊరంతా చెప్పక్కర్లేదు. క్లాసు టీచరుకీ డ్రిల్లు మాస్టారుకీ మాత్రం తెలియాలి. జబ్బు పేరేంటి, ఏ ఆటలు ఆడొచ్చు, ఏవి కూడదు, ఏ మందులు, పడిపోతే ఎవరికి ఫోను చెయ్యాలి: డాక్టరు చేత ఒక కాగితం రాయించి ఇవ్వండి. ఏడాదికోసారి మార్చండి, పిల్లల గుండె వాళ్లతోపాటే పెరుగుతుంది. జబ్బు సంగతే తెలియని పిల్లలూ ఉంటారు. 2013 నుంచి ప్రభుత్వ బళ్లకి పరీక్ష చేసే వైద్య బృందం వస్తోంది. ఆ రోజు మీ పిల్లల్ని బడి మాన్పించకండి. డబ్బులేదని ఆపరేషన్ వాయిదా వెయ్యకండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో పిల్లల గుండె ఆపరేషన్లున్నాయి. తిరుపతిలో తితిదే 2021లో ఒక్క పిల్లల గుండె కోసమే ఆసుపత్రి తెరిచింది.

“పడిపోతే చేతిలో తాళాలగుత్తి పెట్టి, మొహాన నీళ్లు కొట్టి, ఆటోలో వేసుకెళ్లండి.”

తాళాలు ఆగిన గుండెని కదిలించవు. 2021 జూన్ 12న కోపెన్‌హేగెన్‌లో క్రిస్టియన్ ఎరిక్సన్ అనే ఆటగాడు ఫుట్‌బాల్ ఆడుతూ కుప్పకూలితే, అక్కడికక్కడే ఛాతీ నొక్కి, విద్యుత్ షాకిచ్చి బతికించారు. పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే ఒకరు 108కి ఫోను చెయ్యాలి. ఇంకొకరు అదే మట్టి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎదురొమ్ము మధ్యలో సుమారు 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కుతూ ఉండాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు, అలిసిపోతే చెయ్యి మార్చుకోవాలి. తొమ్మిదో తరగతి పిల్లలకి కూడా ఇది నేర్పొచ్చు. వేగం కొత్తగా నేర్పక్కర్లేదు. ఆగస్టు పదిహేనుకి మనం వాళ్ల చేత వేయించే లెఫ్ట్ రైట్ నిమిషానికి 120 అడుగులే.