సీలు పదిలంగానే ఉంది సార్

పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేటర్లుగా వెళ్లే పంతుళ్లకు మన రాష్ట్రంలో శిక్షణ ఇవ్వడం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఇస్తారు. బ్రహ్మాండంగా ఇస్తారు. ఒక హైస్కూలు హాల్లో అందరినీ కూర్చోబెట్టి, మైకు మధ్యమధ్యలో ఈల వేస్తుండగా, ఒక అధికారి 1997 నాటి 25వ నంబరు చట్టం చదివి వినిపిస్తాడు. పరీక్షల్లో అక్రమాలకు పాల్పడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఐదు వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా. చదవడం అయ్యాక ఆయన కళ్లజోడు తీసి, "డౌట్లేమన్నా ఉన్నాయా?" అని అడుగుతాడు. ఏడేళ్ల జైలు మీద డౌట్లేముంటాయి? అందరూ హాజరుపట్టీలో సంతకం పెట్టి, టీ తాగి, బస్సుకు టైమైపోతోందని లేస్తారు. సాయంత్రానికల్లా శిక్షణ విజయవంతమైనట్టు పైకి నివేదిక వెళ్లిపోతుంది.

ఓఎమ్మార్ షీటు మీద పేరు ఒకరిది, ఫొటో మరొకరిది వస్తే ఏం చెయ్యాలో ఆ హాల్లో ఎవరూ చెప్పరు. పిల్ల కళ్లు తిరిగి పడిపోయి కాసేపటికి లేస్తే, ఆ పోయిన సమయం మళ్లీ ఇవ్వొచ్చో లేదో చెప్పరు. ప్రశ్న అర్థం కాలేదని ఒకడు చెయ్యెత్తితే దాన్ని చదివి వినిపించడం సాయమా, నేరమా అన్నది చెప్పరు. కిటికీ అవతల నిలబడ్డ పెద్దమనిషి ఊరి నాయకుడి బావమరిది అయితే కిటికీ వెయ్యాలా, కుర్చీ వెయ్యాలా అన్నది అసలే చెప్పరు. నిన్నటిదాకా ఒకటో తరగతి పిల్లల చేత అఆలు దిద్దించిన ఎస్జీటీ, మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు మీసాలొస్తున్న కుర్రాళ్ల మధ్య నిలబడి చట్టంలో తన సెక్షను ఏదో గుర్తు చేసుకుంటూ మూడుంబావు గంటలు గడుపుతాడు. కాపలా కాస్తున్నది ఆయనే. భయపడుతున్నదీ ఆయనే.

ఇదంతా మా విజయవాడ ఆటోనగర్‌లో చెబితే నవ్వుతారు. అక్కడ లారీ గేరుబాక్సు విప్పడం నేర్పేటప్పుడు హెల్పరు కుర్రాడికి ఎవరూ శిక్షాస్మృతి చదవరు. మొదట్లో డీజిల్లో సామాన్లు కడిగిస్తారు. పన్నెండు-పదమూడు పానా అడిగితే పద్నాలుగు-పదిహేను అందించినందుకు ఒక మొట్టికాయ ఇస్తారు. కొన్నాళ్లకు బోల్టు విప్పనిస్తారు, మరి కొన్నాళ్లకు బిగించనిస్తారు. మేస్త్రి పక్కనే నిలబడి చూస్తాడు. తాను బిగించిన బ్రేకుతో బండి వంద అడుగుల రోడ్డెక్కేదాకా కుర్రాడు సొంతంగా ఒక్క పనీ చేసినట్టు లెక్క కాదు. ఆ కుర్రాళ్లలో చాలామంది పదో తరగతి తప్పి వచ్చినవాళ్లే. వాళ్లను తప్పించిన వ్యవస్థ కన్నా వాళ్లను చేర్చుకున్న షెడ్డే శిక్షణ సంగతి ఎక్కువ తెలిసినట్టుంది.

హైస్కూలు హాలు శిక్షణ ఫలితం తెలియాలంటే 2022 సంగతి చూడండి. కోవిడ్ పుణ్యమా అని రెండేళ్లు పరీక్షలు లేకుండానే అందరూ పాసైపోయాక, ఏప్రిల్ 27న మళ్లీ పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. మొదటిరోజే నంద్యాల జిల్లా అంకిరెడ్డిపల్లెలో తెలుగు ప్రశ్నపత్రం ఫొటో అయి, వాట్సాప్ ఎక్కి, జవాబులు రాయడానికి సిద్ధంగా కూర్చున్న పంతుళ్ల దగ్గరికి చేరింది. మన కృష్ణా జిల్లా వెనకబడిందనుకుంటారేమో, లేదు. కొద్దిరోజులకే పామర్రు వైపు కూడా లెక్కల జవాబులు మాస్టార్ల ఫోన్లలో దొరికాయి. రాష్ట్రమంతా కలిపి అరెస్టయిన పంతుళ్లు పదుల సంఖ్యలో తేలారు. ప్రభుత్వం మాత్రం చలించలేదు. పేపరు బయటికొచ్చిన మాట నిజమేగానీ, పరీక్ష మొదలయ్యాకే వచ్చింది కాబట్టి దీన్ని లీకు అనకూడదు అంది. ఈ వాదన విన్న ఒక గేరుబాక్సు మేస్త్రి, "ఆ లెక్కన మా దగ్గరికొచ్చే బండి ఒక్కటీ కారట్లేదు మాస్టారూ. అన్నీ స్టార్టు చేశాకే కదా ఆయిలు కారేది" అన్నాడు.

అప్పుడొచ్చిన మహా సంస్కరణ సెల్‌ఫోన్ల నిషేధం. పిల్లలే కాదు, పంతుళ్లే కాదు, చీఫ్ సూపరింటెండెంటు సహా ఎవరూ ఫోను లోపలికి తీసుకెళ్లకూడదు. మంచిదే. కానీ ఆ పంతుళ్ల చేతికి ఫోను అలవాటు చేసిందెవరు? అప్పట్లో మిగతా ఏడాదంతా ఆయన ఉద్యోగమే ఫొటో తీసి పంపడం. బడి మరుగుదొడ్డి కడిగారా? ఫొటో. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టారా? ఫొటో. 2022 మే నెలలో ఫోను పట్టుకున్నందుకు పంతుళ్లను పోలీసు జీపెక్కించిన ప్రభుత్వమే, ఆగస్టు వచ్చేసరికి ఎవరి ఫోనులో వాళ్లు యాప్ వేసుకుని ముఖం చూపించి హాజరు వెయ్యాలంది. మొబైలు నాది, డేటా నాది, ముఖమూ నాదే అని సంఘాలు మొత్తుకున్నాయి. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2023 ఆగస్టులో, తరగతి గదిలోకి ఫోను తేకూడదని మరో ఉత్తర్వు వచ్చింది. ఇంత కఠోర సాధన చేయించి, దొడ్డి కనిపించినా గుడ్డు కనిపించినా ఫొటో తీసి టైములోగా పంపడంలో ఆరితేరిన మనిషి ముందు ప్రశ్నపత్రం పెట్టి, తియ్యొద్దంటే ఎలా? ఆయనకు నిజంగా శిక్షణ అందిన విద్య అదొక్కటే.

పంతుళ్లకు ఇతర శిక్షణలు అందలేదని కూడా అనలేం. 2020 మే నెలలో, లాక్‌డౌన్ మధ్య మద్యం దుకాణాలు తెరిచినప్పుడు, విశాఖ జిల్లాలో అయ్యవార్లను క్యూలైన్ల దగ్గర నిలబెట్టారు. జనాన్ని దూరం దూరంగా, వరసగా, గొడవ లేకుండా ఉంచడం పరీక్ష కేంద్రానికి కూడా పనికొచ్చే నైపుణ్యమే కదా!

2024 డిసెంబరులో కథ మరో మెట్టెక్కింది. ఆరు నుంచి పదో తరగతి దాకా అర్ధ సంవత్సర పరీక్షల లెక్కల పేపరు యూట్యూబులో ప్రత్యక్షమైంది. పరీక్ష వాయిదా వేసి పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఆరో తరగతి పిల్లాడి అర్ధ సంవత్సరం లెక్కల పేపరు! దాని మీద ఉద్యోగం రాదు, సీటు రాదు, ఇంట్లో నాన్నకు కూడా మార్కులు గుర్తుండవు. అలాంటిదానికి కూడా జనం ఎగబడి చూస్తున్నారంటే పేపరు ముందే చూడడం ఇక అవసరం కాదు, ఆచారం.

సరే, తప్పంతా కింద ఉన్న పంతులుదేనా? లెక్కలు చూడండి. 2019లో పది పాసైనవాళ్లు 94.88 శాతం. 2022లో, ఆ అరెస్టుల ఏడాది, 67.26. 2023లో 72.26. 2024లో 86.69. 2025లో 81.14. ఈ ఆరేళ్లలో కృష్ణా డెల్టా పిల్లల బుర్రలు ఒకసారి ఎండి, మళ్లీ నీళ్లొదిలితే చిగిర్చాయనుకోవాలా? ఒకే రాష్ట్రం, ఒకే పరీక్ష అంటున్నప్పుడు ఈ అంకెల్లో ఎంత పిల్లాడిది, ఎంత ప్రశ్నపత్రానిది, ఎంత ఆ గదిలో నిలబడ్డ మనిషిదో విడదీసి చెప్పగల మొనగాడెవరు? రాష్ట్రమంతా ఒకే కొలతతో కొలుస్తున్నామంటే అర్థం పామర్రు గదిలో ఏం జరుగుతుందో పాడేరు గదిలోనూ అదే జరగాలని. అదే టైము, అదే మాట, అదే మౌనం. ఆ గదుల్లో ఉండే మనుషులను తయారు చెయ్యకుండా, కవరుకు లక్కముద్ర వేసి, బార్‌కోడు అంటించి కూర్చుంటే కొలత కుదరదు. దిద్దుడూ అంతే. 2025లో రీవెరిఫికేషన్ అడిగితే 11 వేలకు పైగా జవాబు పత్రాల్లో మార్కులు మారాయి. కొందరు దిద్దేవాళ్లను సస్పెండ్ చేశారు. శిక్షణ కన్నా సస్పెన్షను చవక. ఖర్చు ఒక కాగితమే.

దీనంతటికీ మూలం ఇంకోచోట ఉంది. పరీక్షకు వంద రోజుల ముందు నుంచే వంద రోజుల ప్రణాళిక మొదలవుతుంది. వెనకబడ్డ పిల్లలను పంతుళ్లకు దత్తతిస్తారు. టెలీకాన్ఫరెన్సులో పైఅధికారి గొంతు, "మీ మండలం ఎంత? మీ బడి ఎంత? వంద రాకపోతే ఎందుకు రాదో రాసివ్వండి" అంటుంది. వంద శాతం తెమ్మని మార్చి 15 దాకా చెప్పిన నోరే, కచ్చితంగా కాపలా కాయమని 16న చెబుతుంది. ప్రైవేటు బడిలో అయితే ఈపాటి మర్యాద కూడా ఉండదు. అక్కడ ఫలితం రాకపోతే జూన్‌లో మాస్టారి కుర్చీ ఉండదు. బందరు రోడ్డు పొడవునా, బెంజి సర్కిల్ చుట్టూరా ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టుకున్న ఊరు మనది. కార్పొరేట్ చదువును కనిపెట్టి దేశమంతటికీ లారీల్లో ఎగుమతి చేసిన ఊరు కూడా మనదే. ఆ ఫ్లెక్సీలో మా అమ్మాయి ఫొటో ఎందుకు లేదని అడిగే తల్లిదండ్రులం మనం. ఇంతమంది ఒకవైపు లాగుతుంటే, రెండో వైపు ఎస్జీటీ ఒక్కడు తాడు పట్టుకుని నిలబడాలి.

మనవాళ్లు కాలనీలకు కాలనీలు కట్టుకున్న అమెరికా అట్లాంటాలోనూ ఇదే జరిగింది. అక్కడి ప్రభుత్వ బడుల్లో మార్కుల లక్ష్యాలు పెట్టి, అందుకుంటే బోనసులు, అందుకోకపోతే ఉద్వాసనలు అన్నారు. పంతుళ్లు కూర్చుని, పిల్లలు తప్పుగా పెట్టిన గుర్తులను రబ్బరుతో చెరిపి సరైనవి పెట్టారు. 2011లో జార్జియా రాష్ట్ర దర్యాప్తు 44 బడుల్లో 178 మంది పేర్లు బయటపెట్టింది. 2015లో పదకొండు మందిని ముఠా నేరాలకు పెట్టే చట్టం కింద దోషులుగా తేల్చారు. పరీక్ష నియమాలు వాళ్లకు తెలియకపోవడమన్నది లేదు. తెలిసిన నియమానికీ, ఉద్యోగం నిలబెట్టే అంకెకూ పోటీ పెడితే అంకే గెలిచింది.

సీలు మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు 2024 నీట్ కూడా గుర్తు చేసుకోవాలి. జార్ఖండ్‌లోని హజారీబాగ్‌లో ప్రశ్నపత్రాల ట్రంకుపెట్టెలు ఒక బడికి చేరాయి. సీబీఐ చెప్పినదాని ప్రకారం ఒకతను పనిముట్లతో కంట్రోల్ రూములోకి వెళ్లి, పెట్టె తెరిచి, పేపరు ఫొటోలు తీసుకుని, మళ్లీ సీలు వేసేశాడు. సీబీఐ అరెస్టు చేసినవాళ్లలో ఆ బడి ప్రిన్సిపాల్ ఒకరు. ఆయనే ఆ ఊరికి పరీక్ష సమన్వయకర్త. పరీక్ష రోజు పెట్టె చూసినవాళ్లకు సీలు పదిలంగానే కనిపించి ఉంటుంది. ఇంత చక్కటి పనితనం మా ఆటోనగర్‌లో కూడా అందరికీ రాదు. ఆ తర్వాత కేంద్రం చేసిందేమిటి? 2024 జూన్ 21 నుంచి కొత్త చట్టం అమల్లోకి తెచ్చింది. పదేళ్ల దాకా జైలు, కోటి రూపాయల జరిమానా. మైకు ముందు చదవడానికి ఇంకో కాగితం వచ్చింది.

చివరికి 2025 మార్చి 7న కృష్ణా నది అవతలి ఒడ్డున అసలు విడ్డూరం జరిగింది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం బీఈడీ మొదటి సెమిస్టరు పేపరు పరీక్షకు అరగంట ముందే బయటికొచ్చింది. సబ్జెక్టు పిల్లల వికాసం. విద్యాశాఖ మంత్రి ఆ పరీక్ష రద్దు చేయించారు. రేపు ఇన్విజిలేటర్లుగా నిలబడబోయే వాళ్లు రాసే పరీక్ష అది. ఉద్యోగంలో చేరకముందే వాళ్లకు ప్రాక్టికల్స్ పూర్తయ్యాయన్నమాట.

కాబట్టి ప్రభుత్వానికి ఒక మనవి. వచ్చే మార్చికి పంతుళ్ల శిక్షణను హైస్కూలు హాళ్ల నుంచి ఆటోనగర్ షెడ్లకు మార్చండి. చట్టం పుస్తకం గేటు బయటే పెట్టించండి. లోపల ఒక నకిలీ సెంటర్ పెట్టి, పాతిక మంది కుర్రాళ్లను విద్యార్థులుగా కూర్చోబెట్టండి. ఒకడు చీటీ తీస్తాడు, ఒకడు కళ్లు తిరిగి పడతాడు, ఒకడికి తారుమారు ఓఎమ్మార్ ఇస్తాం. నీళ్లు తెచ్చే అబ్బాయి జేబులో ఫోను పెడతాం. కిటికీ దగ్గరికి బావమరిది వస్తాడు. పంతులు ఏం చేశాడో మేస్త్రి పక్కన నిలబడి చూస్తాడు. తప్పు చేస్తే కేసు లేదు, మొట్టికాయ కూడా లేదు, మళ్లీ చేయిస్తాడు. చేతికి పని వచ్చేదాకా డ్యూటీ వెయ్యం. అటెండర్లకు, నీళ్ల కుర్రాళ్లకు, వాచ్‌మన్లకు కూడా ఇదే బ్యాచ్. గోడ దూకేదీ ఫొటో తీసేదీ ఎవరో ముందు కనిపెట్టేది వాళ్లే.

అందరికన్నా ముందు మాత్రం జిల్లా, రాష్ట్ర స్థాయి అధికారులకు ఒక బ్యాచ్ నడపాలి. వాళ్లకు సిలబస్ చిన్నదే. ఫోను గేటు దగ్గర ఇచ్చి, మూడుంబావు గంటల సేపు ఏ హెడ్మాస్టరునూ ఎంత శాతం వస్తుందని అడక్కుండా కూర్చోవాలి. రేకుల షెడ్డయినా కూలరు పెట్టిస్తామన్నాం. ఇంతవరకూ వచ్చిన జవాబు ఒక్కటే, ఆ రోజు ఉత్తీర్ణతా శాతం మీద టెలీకాన్ఫరెన్సు ఉందట.