కూలబడ్డ బాతుకు నిలబడి చెప్పే వైద్యం

షార్జా సనయ్యాలో, అంటే పారిశ్రామిక వాడలో, దేనికైనా కరువుండొచ్చు గానీ వైద్యులకు మాత్రం లేదు. నేషనల్ పెయింట్స్ కూడలి దాటి లోపలికొచ్చాక ఏ ఇండస్ట్రియల్ ఏరియాలోనైనా, ఏ గ్యారేజీ ముందైనా ఒక బాతు కాళ్లు చాపి కూలబడిందనుకోండి. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు పదిమంది డాక్టర్లు పోగవుతారు. ఒకాయన వెల్డరు, ఒకాయన డెంటింగ్ పెయింటింగ్, ఇంకొకాయన పికప్ డ్రైవరు. ఫీజు అడగరు, వంగి చూడరు, బాతుని ముట్టుకోరు. నిలబడ్డచోటు నుంచే తీర్పిచ్చేస్తారు.

"వాతం గొట్టింది అన్నా, మా ఊర్ల ఒక మేకకు గిట్లనే అయింది" అని కరీంనగర్ మాట. "వాతం కాదండీ బాబూ, దిష్టి. మొన్న ఆ గ్రోసరీ ఆయన అదేపనిగా చూశాడు" అని గోదావరి మాట. ఏది ఏమైనా పక్షవాతమేనని చివరికి ఇద్దరూ ఒప్పుకుంటారు. రెండు రాష్ట్రాలు ఇంత సామరస్యంగా ఒక్కమాట మీదికి రావడం బాతు కాళ్ల దగ్గరే చూస్తాం.

ఇక చికిత్స. ఇందులో నాలుగు సంప్రదాయాలున్నాయి. మొదటిది నూనె సంప్రదాయం. కొబ్బరినూనె వెచ్చచేసి పొద్దున ఒకసారి, డ్యూటీ దిగాక ఒకసారి మర్దన. ఆ నూనె ఈకలకు అంటితే నీళ్లు జారిపోయే గుణం దెబ్బతిని బాతు తడిసి ముద్దవుతుంది, ఒంటి వేడి నిలవదు. దాంతో వణుకు మొదలవుతుంది. వణుకు చూసిన వైద్యబృందం "నరాల్లోకి పాకింది" అని ఇంకాస్త నూనె పోస్తుంది.

రెండోది క్యాప్సూల్ సంప్రదాయం. ఎవరి సూట్‌కేసులోనో ఇంటినుంచి తెచ్చుకున్న టెట్రాసైక్లిన్ ఉంటుంది. దాన్ని విప్పి పెరుగులో కలిపి పట్టిస్తారు. క్యాల్షియంతో కలిస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. పట్టినా అది సూక్ష్మజీవుల మీద పనిచేసే మందు. విటమిన్ లోపం మీదా, కడుపులో చేరిన లోహం మీదా దాని ప్రతాపం చెల్లదు. మూడోది ఈత సంప్రదాయం. కాళ్లు పనిచేయని బాతుని నిండు బకెట్టులో వదిలి "ఎక్సర్‌సైజు" అంటారు. మెడ కూడా వాలిపోతున్న బాతయితే ఆ ఎక్సర్‌సైజు ఒక్కపూటే. నాలుగోది దిష్టి తీయడం. న్యాయంగా చెప్పాలంటే నాలుగింటిలోనూ ఇదే మేలు. మిరపకాయలు ఖర్చయినా బాతుకి హాని లేదు.

ఇంతమందిలో ఒక్కరైనా "ఇది ఏం తింటోంది, ఏం తాగుతోంది, ఎక్కడ నిలబడుతోంది" అని అడిగారా? అడిగితే సగం రోగం అక్కడే బయటపడేది. కాళ్లు చచ్చుబడటం లక్షణం మాత్రమే. దాని వెనక కారణాలు అరడజను ఉంటాయి, ఒక్కోదానికి మందు వేరు.

తిండి సంగతే చూడండి. ఖుబూస్ రొట్టె ముక్కలు, మెస్సులో మిగిలిన అన్నం, కోళ్ల మేత. బాతుపిల్లకు కిలో మేతలో 55 మిల్లీగ్రాముల నియాసిన్ కావాలి. బ్రాయిలర్ కోడిపిల్లకు 35 చాలు. నియాసిన్ అంటే బి3 విటమిన్. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి దాన్ని ఒంట్లో తయారుచేసుకునే శక్తి బాతుకి తక్కువ. కోడికి సరిపోయిన తిండితో బాతుపిల్ల మడమ కీళ్లు వాచి, కాళ్లు వంకరపోయి, నడవలేక కూలబడుతుంది. తొలి రోజుల్లోనే పట్టుకుంటే మేతలో బ్రూవర్స్ ఈస్ట్ కలిపి నిలబెట్టొచ్చు. ఎముక వంకరపోయాక ఈస్టు డబ్బా మొత్తం ఒంపినా లాభం లేదు. కొల్లేరు పక్కన కోత కోసిన చేలల్లో తిరిగే బాతుల మందకి ఈ బాధ ఎందుకుండదు? రాలిన గింజలతోపాటు నత్తలూ పురుగులూ ఏరుకు తింటుంది కాబట్టి. అక్కడి కాపరి బాతుకి వైద్యం చెప్పడు, దాన్ని మేతకి తోలుతాడు.

ఇక సనయ్యా నేల తెచ్చిపెట్టే రోగం ఇంకోటుంది. గ్యారేజీ నేలమీద చూడండి: జింకు పూత నట్లు, వాషర్లు, వైరు తుంపులు, టైరు బ్యాలెన్సింగ్‌కి అతికించే సీసపు బిళ్లలు. మెరిసేదేదైనా బాతు మింగుతుంది. పళ్లు లేని పక్షి కనుక మేతని కందనకాయలో రాళ్లతో నూరుకుంటుంది. ఆ రాళ్ల మధ్య సీసపు బిళ్ల కూడా నలుగుతుంది, కడుపులోని ఆమ్లంలో కరుగుతుంది, రక్తంలో కలుస్తుంది. ముందు విరేచనం ఆకుపచ్చగా మారుతుంది, తర్వాత రెక్కలు వాలతాయి, తర్వాత కాళ్లు చచ్చుబడతాయి. ఎక్స్‌రే తీస్తే లోహం తెల్లగా కనబడుతుంది, లోహాన్ని ఒంట్లోంచి లాగే ఇంజెక్షన్లున్నాయి. బ్రిటన్ 1987లో చేపల గాలాలకు కట్టే సీసపు గుళ్ల అమ్మకాన్ని నిషేధించింది హంసలు చచ్చిపోతున్నాయనే. అమెరికా 1991 నాటికి నీటిపక్షుల వేటలో సీసపు తూటాలను దేశమంతటా మాన్పించింది. మన గ్యారేజీ వైద్యుడు మాత్రం కాలికింద నట్టుని బూటుతో పక్కకు తోసి మరీ దిష్టి గురించి చెబుతాడు.

ఎండాకాలం నిలిచిన మురికినీళ్ల సంగతి వేరే. అక్కడ కుళ్లిన మాంసంలోనూ దాన్ని తిన్న పురుగుల్లోనూ బొటులినం విషం ఉండొచ్చు. తిన్న బాతుకి ముందు కాళ్లు, తర్వాత రెక్కలు, చివరికి మెడ వాలిపోతాయి. 1910లో అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ దగ్గర బాతులు లక్షల్లో కూలాయి. నీళ్లలో క్షారమే కారణమని పెద్దలు తేల్చారు. ఆ మాట తప్పని, అది బొటులినమని 1930లో తేలింది. వాళ్లూ పొరబడ్డారు, కానీ చచ్చిన బాతుని కోసి చూస్తూనే ఉన్నారు. మనవాళ్లు బతికున్నదాన్ని కూడా చూడరు.

కాంక్రీటు మీద రోజంతా నిలబడి అరికాలు పుండైనా బాతు కుంటుతుంది. గుడ్డు లోపల అడ్డం పడ్డా కూలబడుతుంది. అరికాలు తిప్పి చూడటానికి డిగ్రీ అక్కర్లేదు, వంగితే చాలు.

తిండి లోపాన్ని మాయరోగం అనుకోవడం మనుషుల విషయంలోనూ జరిగింది. పెల్లాగ్రా అనే జబ్బు అంటురోగమని అమెరికా గట్టిగా నమ్మిన రోజుల్లో, కాదని నిరూపించడానికి వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1916లో రోగుల రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. ఏమీ కాలేదు. అది నియాసిన్ లోపమని 1937 తర్వాత స్పష్టమైంది. మన దక్కన్‌లో జొన్న ప్రధానంగా తినే బీదల్లో అదే జబ్బు కనబడితే, హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంఠయ్య కంచంలోకి తొంగిచూశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం కారణం కావచ్చని 1960లో రాశారు. ఆ మాటమీద తర్వాత వాదాలు నడిచాయి. అయినా వాళ్లు మొదట అడిగింది మాత్రం "ఏం తింటున్నారు" అనే.

సనయ్యాలో ఆ ప్రశ్న మనిషికీ దక్కదు. పది గంటలు కాంక్రీటు మీద నిలబడ్డవాడి కాళ్లు తిమ్మిరెక్కితే రూమ్‌మేట్ చెప్పేది "గ్యాస్ బావా", ఇచ్చేది పనడాల్ మాత్ర. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం చెబుతోంది. ఆ రెండున్నర గంటల నీడలో కూడా మనవాళ్లు ఒకరికొకరు డాక్టర్లే. అరికాళ్లు మొద్దుబారడం సుగర్‌కి గుర్తు కావొచ్చని చెప్పే వైద్యుడు పదిమందిలో ఒకడుంటే గొప్ప.

కాబట్టి అయ్యలారా, బాతుని పెంచే సరదా ఉంటే ఇవి చేయండి. మేతలో ఈస్టు కలపండి. నేలమీద అయస్కాంతం తిప్పి నట్లు ఏరండి. సీసం అయస్కాంతానికి అంటదు, దాన్ని చేత్తోనే ఏరాలి. నీళ్లు రోజూ మార్చండి. మెత్తటి పరుపు వేయండి. కూలబడితే ఆ రోజే పశువైద్యుడికి చూపించి ఎక్స్‌రే అడగండి. ఆ ఖర్చు పెట్టలేమనుకుంటే బాతుని కొనకండి. మీ సొంత కాళ్లు తిమ్మిరెక్కితే క్లినిక్కుకి వెళ్లి సుగర్ పరీక్ష చేయించుకోండి, రూములో ఎవరినీ అడక్కండి.